ఉప్పు సొరుగు

మార్చి 3, సోమవారం

ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఆ ఇంటికే పిలిచారు.

ఆ ఇంటి పెద్దావిడ కూతురు ఫోన్ చేసింది. ఇల్లు కట్టి వందేళ్ళు దాటింది అంకుల్, వంటగదిని ఓపెన్ కిచెన్ చెయ్యాలి, ఇంటి అందం చెడకుండా మీరే డిజైన్ చెయ్యాలి అంది. మధ్యలో అడ్డుగోడ కట్టింది మీరేనటగా, విప్పడం కూడా మీకే తెలుస్తుంది అంది. తెలీకేం. ఇరవై రెండేళ్ళ కిందట ఆ చెక్కగోడ కట్టింది నేనే.

అది కట్టాల్సి రావడానికి కారణం కూడా నేనే. అది మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

మార్చి 4

మూరెడు మందం సున్నం గోడలు. నా చేతికందని ఎత్తులో కిటికీలు. పైన టేకు దూలాలు. ఒకటే పెద్ద వంటగది, నడుమ నా గోడ. ఇటు పెద్దావిడ పొయ్యి, అటు చిన్నావిడ పొయ్యి. తోటికోడళ్ళు. అన్నదమ్ములు మాత్రం వరండాలో ఒకే పేపరు చెరిసగం చించుకుని హాయిగా చదువుకుంటున్నారు.

లెవెల్ పెట్టి చూశాను. నా గోడ వెంట్రుకవాసి కూడా వంగలేదు. సిగ్గేసింది. పనితనం చూపించడానికి నాకు ఇదే దొరికిందా.

హాలువైపు గోడ తీసేసి కమాను పెట్టచ్చు. దూలాల బరువుకి రెండు పక్కలా స్తంభాలు ఉంచితే చాలు. చిక్కల్లా ఎత్తు దగ్గర. పెద్దావిడ నా భుజం కిందకి వస్తుంది. చిన్నావిడ నాకంటే పొడుగు. ఇద్దరికీ ఒకే గట్టు ఎలా?

ముప్ఫై అంగుళాలు నాకు చాలు మేస్త్రీ, ఆ పక్కావిడ వంగలేదు కాబట్టి పొయ్యి అటక మీద పెట్టు అంది పెద్దావిడ. చిన్నావిడ గోడకేసి చూస్తూ, ఆవిడగారికి పీట కావాలేమో కనుక్కో మేస్త్రీ అంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. నేను టేపు పట్టుకున్న పోస్ట్‌మాన్‌ని.

మార్చి 8

డ్రాయింగ్ మూడుసార్లు గీశాను. మూడుసార్లూ మధ్యలో గోడ గీసేశాను.

మార్చి 12, మధ్యాహ్నం 3

కాగితం మీద అందరికీ అన్నీ నచ్చుతాయి. ఒంటికి తెలియాలంటే నిలబడి చూడాలి. అందుకే నేను ఏ వంటగదైనా ముందు నేలమీద సుద్దముక్కతో అసలు సైజులో గీస్తాను. గట్టు ఉండేచోట అట్టపెట్టెలు పేరుస్తాను. ఇంట్లోవాళ్ళని వంట చేసినట్టు నటించమంటాను. ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇవాళ హాల్లో గీశాను. ఇద్దరూ వచ్చారు. అమ్మా, గ్యాస్ వెలిగించడం మర్చిపోయారు అన్నాను. పెద్దావిడ నవ్వాపుకుంటూ గాల్లో నాబ్ తిప్పింది. చిన్నావిడ గాల్లో ఉల్లిపాయ తరిగి కళ్ళు తుడుచుకుంది. పక్కన నిలబడ్డ పెద్దావిడ కూతురు నావైపు చూసి కన్నుకొట్టింది. పని అయిపోయిందనుకున్నాను.

పెద్దావిడ గాల్లోంచి చిటికెడు తీసి గిన్నెలో వేసింది.

చూసుకో, ఇందాకే వేశావేమో, నీకు రెండుసార్లు వెయ్యడం అలవాటేగా అంది చిన్నావిడ.

అంతే. గిన్నె లేదు, కూర లేదు, ఉప్పూ లేదు. పోట్లాట మాత్రం అసలుది. నేను ఆరోజు ఒక్క చెంచానే వేశాను, నా కూతురి మీద ఒట్టు అంటుంది ఆవిడ. అయితే మిగతాది నిద్రలో నడిచొచ్చి నేను వేశానా, నా మొగుడి ప్రమోషన్‌లో నేనే ఉప్పు పోసుకుంటానా అంటుంది ఈవిడ. చిన్నావిడ అట్టపెట్టెని ఒక్క తాపు తన్నింది. గోడ ఉండాల్సిందే అంది పెద్దావిడ. గోడ ఉంటే మేమిద్దరం వేరే ఇల్లు చూసుకుంటాం అంది ఆ పిల్ల. పెళ్ళయ్యాక భర్తతో ఇక్కడే ఉందామనుకుంది పాపం. ఇద్దరి చేతి వంటా కావాలనే ఇదంతా మొదలుపెట్టింది.

నేను సుద్దముక్క పట్టుకుని తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

సరే, ఇక్కడైనా రాస్తాను. ఆ ఉప్పు వేసింది నేను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. ఆ వంటగదిలో అలమర బిగిస్తున్నాను. చిన్నావిడ మొగుడు చిన్నాయన వాళ్ళ ఆఫీసరు కుటుంబంతో భోజనానికి వస్తున్నాడని ఇద్దరూ హడావిడి పడుతున్నారు. వాళ్ళు అటు తిరిగినప్పుడు పిడికెడు ఉప్పు కూరలో వేశాను. వడ్డించే ముందు రుచి చూస్తారు, మొహం వికారంగా పెడతారు, నవ్వుకోవచ్చు అనుకున్నాను. ఆఫీసరు ముందే వచ్చేశాడు. రుచి చూడకుండానే వడ్డించేశారు.

ప్రమోషన్ రాలేదు. కూర వల్లో కాదో ఎవడికి తెలుసు. వారానికి నన్నే పిలిచి గోడ కట్టమన్నారు. కట్టాను.

మార్చి 13

మా ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వు నాలుగు విధాలా చేటంటారు, నువ్వు అయిదోది కనిపెట్టావు అంది. వెళ్ళి చెప్పు అంది. పని పోతుంది, పేరు పోతుంది అన్నాను. పోనీ అంది.

మార్చి 15

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆ ఇంటి గేటు దాకా వెళ్ళాను. చిన్నాయన చూశాడు. గేటు హింజ్ చూడ్డానికి వచ్చానని చెప్పి, బాగానే ఉన్న హింజ్ విప్పి మళ్ళీ బిగించి వచ్చాను.

మార్చి 17

సొరుగు పలక అంగుళం తక్కువ కోశాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

మార్చి 19

చెప్పేశాను.

ఆ గోడలో ఏ పలక ముందు వస్తుందో నాకొక్కడికే తెలుసు. ఇద్దరి మొహాలూ కనిపించేలా నిలువు పలక ఒకటి లాగాను. ఇటు పెద్దావిడ, అటు చిన్నావిడ తొంగిచూశారు. మధ్యలోంచి చెప్పాను. ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

ఎంత వేశావు అంది పెద్దావిడ. పిడికెడు. ఏ చేత్తో అంది చిన్నావిడ. కుడి చెయ్యి చూపించాను. ఇద్దరూ ఆ చేతినే చూశారు. ఇరవై రెండేళ్ళు అంది ఒకావిడ. ఎవరో గుర్తులేదు.

తరవాత ఇద్దరూ ఒకేసారి బయటికి పొమ్మన్నారు. ఒకే మాట, ఒకే గొంతులా.

మార్చి 20

టూల్‌బాక్సు అక్కడే ఉండిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

మార్చి 28

ఆ పిల్ల ఫోన్ చేసింది. గోడ వాళ్ళిద్దరే ఊడదీశారట. గరిట కాడతో. అన్నదమ్ములు సాయం వస్తే, ఇన్నేళ్ళూ పేపరు చదువుకున్నారుగా, అదే చదువుకోండి అని తరిమారట. మంచి పలకలు, అంచులన్నీ పాడుచేశారట. ఏడ్చారా అని అడిగాను. మొదటి రెండ్రోజులూ మిమ్మల్ని తిట్టారు అంకుల్, ఆ తరవాత ఏడ్చారు అంది.

వచ్చి పని పూర్తిచెయ్యమన్నారట. ఎందుకో అడగలేదు.

ఏప్రిల్ 16

గట్టు మధ్యలో ఒక మెట్టు. ఇటు ముప్ఫై అంగుళాలు, అటు ముప్ఫై ఆరు. అలమర తలుపులకి నా గోడ పలకలే వాడాను. గరిట గాట్లు చిత్రిక పట్టి తీసేద్దామంటే ఉండనీ అంది చిన్నావిడ. నేను నిజం చెప్పాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

మెట్టు కింద రెండువైపులా తెరుచుకునే సొరుగు. ఉప్పుకి. ఇద్దరికీ అందుతుంది, ఎవరు తీసినా రెండోవాళ్ళకి కనిపిస్తుంది. నా బుర్రలో పుట్టిందే. బాగుంది, దానికి తాళం పెట్టు మేస్త్రీ అంది పెద్దావిడ. తాళంచెవులు రెండు చాలు అంది చిన్నావిడ. మూడో చెయ్యి పడకూడదు కదా అక్కా అని కూడా అంది, నన్నే చూస్తూ.

అక్కా అంది.

ఏప్రిల్ 27, ఆదివారం

కొత్త గట్టు మీద మొదటి వంట. నన్నొక్కడినే కూర్చోబెట్టి వడ్డించారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. పిడికెడు ఉప్పు ఎవరు వేశారని అడిగాను.

నేను కాదు అంది పెద్దావిడ. నేనూ కాదు అంది చిన్నావిడ.

ఇంకొంచెం వడ్డించమన్నాను.