అట్ట మీది మీసం

మామయ్యకు,

టీషర్టు మీదికి బొమ్మ గీయడానికి మీరిచ్చిన కామిక్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పని ఇంకా కాలేదని ఈ ఉదయం మీకు అబద్ధం చెప్పాను. అట్ట మీద వీరుడికి పెన్సిల్‌తో పెట్టిన మీసాన్ని ఎవరో పిల్లల పని అనుకుని, స్కాన్ చేసే ముందు రబ్బరుతో తుడిచేశాను. కొత్తదానిలా వచ్చిందని మురిసిపోయాను కూడా.

నిన్న అత్తయ్య ఫోన్‌లో నవ్వుతూ, "ఆ మీసం చూశావురా? చిన్నప్పుడు మీ చిన్నమామయ్య పెట్టాడు. వాడు పోయాక మీ మామయ్య ఆ పుస్తకాన్ని నీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు" అంది.

తుడవక ముందు తీసిన ఫొటో నా దగ్గరుంది. అది చూసి మళ్ళీ గీస్తే మీరు కూడా తేడా పోల్చుకోలేరు. పెన్సిల్ చెక్కాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆదివారం పుస్తకాన్ని మీసం లేకుండానే తెచ్చి మీ చేతిలో పెడతాను.

మీ మేనల్లుడు