పదకొండో నంబరు బిళ్ళ

అక్కా,

నిన్న కొండెక్కాను. ఒక్కదాన్నే. కళ్ళజోళ్ళ షాపులో తలనొప్పని చెప్పి సెలవు పెట్టాను. ఇది చదివాక నువ్వు నా ముఖం చూడకపోవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేకే రాస్తున్నాను.

కింద గార్డు గది దగ్గర ఆ చెక్క బోర్డు అలాగే ఉంది. నీకు తెలుసుగా, ఎక్కేవాళ్ళు పుస్తకంలో పేరు రాసి ఒక ఇత్తడి బిళ్ళ తీసుకెళ్ళాలి, దిగాక దాన్ని దాని మేకుకే తగిలించాలి. ఐదింటికి ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి కోసం వెతకడానికి వెళ్తారు. కొత్త గార్డు నాకు పదకొండో నంబరిచ్చాడు. ఇరవై నాలుగు బిళ్ళలుండగా అదే ఎందుకివ్వాలి చెప్పు. పోయినేడు బావ తీసుకెళ్ళింది అదే.

ఎక్కేటప్పుడు ఎండ చురుక్కుమంది. కోటు విప్పి నడుముకి కట్టుకున్నాను. చెక్క వంతెన దాటేసరికి మబ్బు కమ్మి వేళ్ళు కొంకర్లు పోయాయి. పైన రాతి గది చేరేలోపు వడగళ్ళు, మళ్ళీ పది నిమిషాలకి ఏమీ ఎరగనట్టు ఎండ. ఆ రోజు కూడా అచ్చం ఇలాగే ఉంది.

అవునక్కా, ఆ రోజు నేనూ ఉన్నాను. బావ ఒక్కడే వెళ్ళలేదు. అప్పటికి ఏడు నెలలుగా... రాయడానికి చెయ్యి రావడం లేదు. నీకర్థమైపోయి ఉంటుంది. నా పేరు పుస్తకంలో పడకూడదని నేను గార్డు గది వెనక దారిన పోయి వంతెన దగ్గర కలిశాను. ఇద్దరికీ కలిపి ఒక్క బిళ్ళ. నా కోటు జేబుకి గుండీ ఉంది కదా, పడిపోదని అందులో వేశాడు. ఆ గుండీ కుట్టింది నువ్వే.

రాతి గదిలో గొడవపడ్డాం. ఇవాళే అక్కకి చెప్పెయ్యమన్నాను. "కొండ మీదకొచ్చి కూడా ఇంటి గోలేనా" అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. దిగిపోతానన్నాను. వడగళ్ళు పడుతున్నాయని తన ఉన్నిటోపీ తీసి నా తలకి పెట్టాడు. శిఖరం చూసి గంటలో వచ్చేస్తానని పైకెళ్ళాడు. సగం దారి దిగాక జేబు తడుముకుంటే బిళ్ళ. వెనక్కెళ్ళలేదు. కింద ముసలి గార్డు అటు తిరిగి స్టవ్ మీద టీ పెట్టుకుంటున్నాడు. చేతికిస్తే నువ్వెవరమ్మా అంటాడు. బావ ఎలాగూ నా వెనకే దిగుతాడులే అనుకుని, చప్పుడు కాకుండా మేకుకి తగిలించి వచ్చేశాను.

ఆ రాత్రి నువ్వు ఫోన్ చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. ఇంటికి చేరుంటాడు, నా మీద అలిగుంటాడు అనుకున్నాను. మూడో రోజు పొద్దున నువ్వే ఏడుస్తూ చెప్పావు, బావ శవం కొండ మీద దొరికిందనీ, ఏదో లిఫ్టు రిపేరు పనుందని కొండ దిగి అట్నుంచటే పక్క ఊరెళ్ళాడనుకున్నాననీ. కాలు విరిగి పడున్నాడనీ, రెండో రాత్రి దాకా ప్రాణం ఉందనీ డాక్టరన్న మాట ఏడాదిగా నాకు రోజూ వినపడుతూనే ఉంది.

ముసలి గార్డుని పనిలోంచి తీసేశారు. దిగని మనిషి బిళ్ళ బోర్డు మీదకెలా వచ్చిందని అడిగితే పాపం, తనే ఎక్కడో పడుంటే చూసి తగిలించి మర్చిపోయుంటానని చివరికి ఒప్పేసుకున్నాడట. అక్కా, నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను. నువ్వు ఊఁ అంటే రేపే వెళ్తాను. నన్ను కొట్టు, తిట్టు, జన్మలో గడప తొక్కద్దను. ఏదో ఒకటి అను. ఊరికే ఉండకు.

నీ
పిచ్చుక


పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. ఇది కూడా చదివాక అలాగే చెయ్యి.

ఆ పొద్దున మీ బావ సంచీలో రెండు యాపిల్స్ పెట్టమన్నాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ యాపిల్ ముట్టిన మనిషి కాదు. నువ్వేమో చిన్నప్పట్నుంచీ అవి కనపడితే వదలవు. పెట్టాను. తుడిచి మరీ పెట్టాను.

నాలుగుంబావుకి కుట్టు మిషన్ దగ్గర కూర్చునుంటే, షాపు కిటికీలోంచి నువ్వు వానలో రోడ్డు దాటుతూ కనపడ్డావు. నీ తల మీద ఎర్ర చార టోపీ. నేనల్లిన టోపీని నేను గుర్తుపట్టనా? నువ్వు టోపీతో దిగావు, ఆయన టోపీ లేకుండా పైనున్నాడు. అంతవరకూ నాకు అక్కడే తెలిసింది. ఆరింటికి గార్డు గదికి ఫోన్ చేశాను. "బిళ్ళలన్నీ బోర్డు మీదే ఉన్నాయమ్మా, అందరూ దిగిపోయారు" అన్నాడు ముసలాయన. మా ఆయన ఇంటికి రాలేదు, మళ్ళీ చూడండి అంటే సరిపోయేది. "మంచిదండీ" అని పెట్టేశాను.

ఒక్క రాత్రి చలికి వణికితే బుద్ధొస్తుందనుకున్నాను. అది కోపమే, కాదనను. మర్నాడు మాత్రం కోపం లేదు. షాపు తీశాను. స్కూలు చొక్కాలు ఆరు కుట్టాను. మధ్యాహ్నం కాసేపు నిద్ర కూడా పోయాను. వాన వెలిసినప్పుడల్లా కిటికీలోంచి కొండ స్పష్టంగా కనపడేది. చూసి మళ్ళీ మిషన్ తొక్కుకున్నాను. పక్క ఊరూ లేదు, లిఫ్టు రిపేరూ లేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదంటే నువ్వు తగిలించిన ఆ బిళ్ళ వల్లే.

ముసలాయన ప్రతి నెలా వస్తాడు, నీకు చెప్పలేదు. మీరు ఫోన్ చేసినప్పుడైనా నేను పైకెళ్ళి చూడాల్సిందమ్మా అని ఏడుస్తాడు. టీ ఇచ్చి, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి పెద్దాయనా అంటాను. చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్తాడు. ఆయన వెళ్ళాక ఆ పూట నాకు అన్నం బాగా సయిస్తుంది. నేనెలాంటిదాన్నో ఇప్పుడు నీక్కూడా తెలిసిందిగా.

నువ్వు ఎక్కడికీ వెళ్ళి ఏమీ చెప్పక్కర్లేదు. నువ్వు నోరు విప్పితే నా సంగతీ బయటికొస్తుంది, అది నేను జరగనివ్వను. నిన్ను క్షమించను, ఆ ఆశ పెట్టుకోకు. గడప తొక్కద్దని కూడా అనను. ఎప్పట్లాగే ఆదివారం రా, పక్కన కూర్చుని కాజాలు కుట్టిపెట్టు. ఈ ఆదివారం ముసలాయన కూడా వస్తానన్నాడు.

వచ్చేటప్పుడు ఆ టోపీ పట్టుకురా. చలికాలం కదా, ముసలాయన ఉత్త తలతోనే వస్తాడు. నీ చేత్తో నువ్వే పెడుదువుగాని.

మీ అక్క