ముందే సంతకం పెట్టించిన ఉపసంహరణ పత్రం గురించి

తొమ్మిదో వార్డు ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉదారవాద పార్టీ తరఫున నేను వేసిన నామినేషన్‌ను, నేను స్వయంగా వచ్చి చెప్పనిదే రద్దు చేయవద్దని కోరుతూ.

నేను ఐదో తరగతి వరకు చదివాను. పార్టీ పని మీద ఇరుగుపొరుగు వాళ్లకు అర్జీలు రాసిచ్చాను గానీ, నా కోసం రాసుకోవడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. మా ఆయన జిరాక్స్ షాపు నడుపుతారు, వార్డులో పార్టీ కార్యదర్శి కూడా. అసలు అభ్యర్థి ఆయనే. ఆయన పత్రం చెల్లకపోతే పనికొస్తుందని నా చేత కూడా నామినేషన్ వేయించారు. దీన్ని డమ్మీ అంటారట. ఆయన పత్రం చెల్లగానే నేను తప్పుకోవాలి గనుక ఉపసంహరణ పత్రం మీద కూడా అదే రోజు సంతకం పెట్టించుకున్నారు. డమ్మీలందరి చేతా అలాగే పెట్టిస్తారట.

2. "మీ మీద ఆధారపడినవారు" అనే గడిలో మా ఆయన "ఎవరూ లేరు, మా ఇంట్లో అందరూ స్వతంత్రులే" అని రాశారు. భార్యను నేనున్నాను గదా, దిద్దుకోమని తమరు రెండుసార్లు అవకాశమిచ్చారు. అది పార్టీ సిద్ధాంతమని ఆయన నలభై నిమిషాలు వాదించారు. ఈలోగా గడువు దాటింది, పత్రం చెల్లలేదు. నా పత్రంలో నేను ఆయన మీద ఆధారపడ్డానని రాశాను. చెల్లింది.

3. ఆ సాయంత్రం మా ముందు గదిలో పార్టీ సమావేశం జరిగింది. ఆదివారం అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద జనం ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అలా చెప్పి తీరాలని ఊరంతా పోస్టర్లు వేసింది మా పార్టీయే. నేను నలుగురిలో నోరు విప్పలేను. అందుకని నన్ను తప్పించాలని మాట వచ్చింది.

"ఏమే, నా ఎదుటే సరిగ్గా మాట పెగలదు నీకు, మైకు ముందు ఏం చేస్తావు?" అన్నారు మా అత్తగారు.

"బలవంతమేమీ లేదమ్మా. నీ ఇష్టం. తప్పుకుంటే మాత్రం అందరికీ మంచిది," అన్నారు పార్టీ అధ్యక్షులైన మాస్టారు.

"నీ ఇష్టమేనని నేనూ అంటున్నాను కదా!" అన్నారు మా ఆయన.

మా ఆయన ఈ మాట రోజుకు నాలుగైదుసార్లు అంటారు. నా ఇష్టమేమిటని అడిగినట్టు మాత్రం నాకు గుర్తు లేదు.

4. మా పార్టీలో ఓటింగుకు ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలని నియమం. టీ గ్లాసులు అందిస్తున్నా సరే, నన్నూ అడిగారు. నాకు గొంతు పెగల్లేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు మాస్టారు. తీర్మానం అయిపోయింది. మిగతా సగం ఏమైందో మినిట్స్ పుస్తకంలో రాయలేదు.

5. తప్పుకోవడం నాకిష్టం లేదు. కారణం తమకు మనవి చేసుకుంటున్నాను. రెండేళ్లుగా పార్టీ నోట్‌బుక్కు పట్టుకుని నూటపన్నెండు ఇళ్లు తిరుగుతున్నాను. ప్రతి గుమ్మంలో ఒక్కటే అడగాలి: మీ వీధిలో ఏం బాగులేదు? నేను మాట్లాడను గనుక వాళ్లు మాట్లాడతారు. అలా రాసుకున్నవాటితోనే ఆరు మురుగుకాలవ పలకలు, వెనక సందులో దీపం, ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ల కోసం బుధవారం ఏడింటి వరకు తెరిచే ఆసుపత్రి సాధించాము. ఇవన్నీ పార్టీ కరపత్రంలో ఉన్నాయి.

కరపత్రంలో లేనిది ఒకటుంది. మార్కెట్‌లో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. కావలసినవాళ్లు అందరి ముందూ వెళ్లి అతన్ని అడగాలి. "ఎందుకూ?" అంటాడు. అడగలేక పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు నా నోట్‌బుక్కులో నలభై ఏడు మంది ఉన్నారు. పార్టీ సమావేశంలో మూడుసార్లు ఇది చదివాను. చాలా లోగొంతుకతో చదివాను కాబోలు, చర్చ ప్రతిసారీ ఫ్లైఓవర్ మీదికి వెళ్లింది.

మా ఇంటి ముందు ఇస్త్రీ బండి పెట్టే అక్క అన్నది: "మాటకారులను ముగ్గుర్ని గెలిపించాం పిల్లా. తాళంచెవి ఇంకా వాడి మొలతాడుకే వేలాడుతోంది. ఈసారి మాట రానిదాన్ని చూద్దాం."

ఆ నలభై ఏడుగురిలో నన్ను లెక్కవేయలేదు. నేను నలభై ఎనిమిదో దాన్ని.

కావున తమరు దయతో (అ) నా పేరు మీద ఎవరు ఉపసంహరణ పత్రం తెచ్చినా నన్ను అడగనిదే తీసుకోవద్దనీ, (ఆ) ఆదివారం ప్రశ్నలకు నా జవాబులు కాగితం చూసి చదవడానికి అనుమతి ఇప్పించాలనీ వేడుకుంటున్నాను. మైకు కొంచెం దగ్గరగా పెట్టించినా మేలే.

సంతకం నాదే అయినా సమ్మతి నాది కాదని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తొమ్మిదో వార్డు అభ్యర్థిని
(పేరు నామినేషన్ పత్రంలో ఉన్నదే)

తా.క.: ఈ అర్జీ మా ఆయనకు చూపించాను. మూడు చోట్ల తప్పులు దిద్దారు. తన గురించి రాసింది కొట్టేస్తారనుకున్నాను, కొట్టేయలేదు. "నేను దీంతో ఏకీభవించను. కానీ పంపే హక్కు నీకుంది," అని షాపులో రెండు కాపీలు తీసి, తానే తెచ్చి ఇస్తానన్నారు. పార్టీ తీర్మానం ప్రకారం ఆ ఉపసంహరణ పత్రం తేవలసిందీ ఆయనే. తమ బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆయన చేతిలో రెండు కాగితాలూ ఉంటాయి. ఏది ముందు ఇస్తారో ఆయనకే తెలియదు. ఉపసంహరణకు గడువు ఈ రోజు మూడు గంటల వరకే. నేను తమ గది బయట, మెట్ల పక్క బెంచీ మీద కూర్చుని ఉంటాను. పిలిచి అడగండి. జవాబు నోటికి రావడానికి నాకు కొంచెం సేపు పడుతుంది. అంతవరకు ఇంకెవరినీ అడగకండి.