మా అబ్బాయి కోసం వచ్చాను

ఉయ్యూరు,
బుధవారం

అమ్మా భానూ,

గంట బస్సు ప్రయాణం దూరంలో ఉండి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోకు. ఇది కౌన్సెలర్ మార్త గారు పెట్టిన హోంవర్కు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి హోంవర్కు ఇచ్చినదాన్ని, ఇప్పుడు నా కూతురి వయసు మనిషి దగ్గర తీసుకుంటున్నాను. ఫోన్‌లో పేక ఆడాలని చెయ్యి లాగినప్పుడల్లా, అబద్ధం చెప్పలేని ఒక మనిషికి కాగితం మీద రాయమన్నారు. ఆ లాగుడు అరగంటకి మించి ఉండదట. ఎవరికి రాస్తారని అడిగితే నీ పేరే నోటికొచ్చింది. నా ఫోను నీకే ఇచ్చేసి వచ్చినా, ఇప్పుడు మా మరదలి ఫోను ఫ్రిజ్ మీద ఉంది, అటు చూడకుండా రాస్తున్నాను.

ఆ రోజు సంగతి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. రిటైరయ్యాక మధ్యాహ్నాలు గడవక ఫోన్‌లో రమ్మీ మొదలుపెట్టాను. ఆ ఆటలు ప్రభుత్వం నిషేధించిందని పేపర్లో చదివి కూడా, దొడ్డిదారిన ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాను. లెక్కల టీచర్ని కదా, ముక్కలు లెక్కగట్టగలనని నా పొగరు. సాయిశ్రీని బడి నుంచి తీసుకురావాల్సిన వేళ, ఈ ఒక్క ఆటా అయ్యాక లేద్దామనుకున్నాను. అలా ఎన్ని ఆడానో తెలియదు. బడి వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు భానూ. ఆటకి అడ్డమొస్తోందని కట్ చేశాను. నువ్వు ఆఫీసు నుంచి పరుగెత్తేసరికి, ఆరేళ్ళ పిల్ల గేటు పక్కన అతని స్టూలు మీద గంటన్నరగా కూర్చుని ఉంది.

నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల కాళ్ళు కడిగి అన్నం కలిపి పెట్టావు, నాకూ వడ్డించావు. మర్నాడు మార్త గారి అడ్రసు తెచ్చావు, సెలవు పెట్టి నా పక్కన కూర్చున్నావు. నీ స్థానంలో నేనుంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. నీ ఓర్పు చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. పిల్ల ముఖం చూడలేకే తమ్ముడింటికి వచ్చేశాను. నాకింకేమీ వద్దు, మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబడనిస్తే చాలు.

మీ అత్తయ్య,
సుబ్బరత్నం

ఉయ్యూరు,
సోమవారం

భానూ తల్లీ,

నిన్నటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. జూదం మానాలనుకునేవాళ్ళ గవర్నరుపేట మీటింగులో మొదటి ఆదివారం నేను చేసిన నిర్వాకం నీకు తెలుసు. అందరూ మగవాళ్ళే. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, ఏం ఆడేవారో, ఏం పోగొట్టుకున్నారో చెబుతున్నారు. ఇశ్రాయేలు అనే ఆటో డ్రైవరు, క్రికెట్ పందేల్లో సొంత ఆటో పోయిందని, రెండేళ్ళుగా ఆడకుండా ఉన్నానని ఎంత నిబ్బరంగా చెప్పాడు. అతన్ని చూసి మెచ్చుకుంటూ ఉండగానే నా వంతు వచ్చింది. వెనక వరుసలో ఎవరో నా పాత స్టూడెంటులా కనిపించాడు. "మా అబ్బాయి కోసం వచ్చానండి. వాడికి పేకాట పిచ్చి" అనేశాను.

చక్రి జన్మలో పేక ముట్టలేదు. నీ మొగుడి పరువు నీ ముందే తీశాను, అయినా నువ్వు నోరు మెదపలేదు. బస్టాండులో మజ్జిగ తాగుతారా అని మాత్రం అడిగావు. ఆ తర్వాత రెండు ఆదివారాలూ అదే కథ నడిపించాను. వాడు ఎలా మొదలెట్టాడో, బాత్రూములో ఫోను పట్టుకుని ఎంతసేపు కూర్చుంటాడో వివరంగా చెప్పాను. అవన్నీ నా సంగతులే.

నిన్న నీకు ఆఫీసు పని ఉందని చక్రి నాతో వచ్చాడు. ఇశ్రాయేలు వాడి రెండు చేతులూ పట్టుకుని, "సిగ్గుపడకండి సార్. ఇవాళ ఒక్కరోజు ఆడకండి, చాలు. రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నాడు. వాడు నా వంక చూశాడు. నిజం చెప్పేస్తాడనుకున్నాను. "సరే అన్నా, ప్రయత్నిస్తాను" అన్నాడు. ఇంత మంచి కొడుకునా నేను కన్నది అనిపించింది.

వచ్చే ఆదివారం నేనే లేచి నిజం చెబుతాను. చెప్పకపోతే ఈ ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టెయ్.

మీ అత్తయ్య,
సుబ్బరత్నం

ఉయ్యూరు,
మరుసటి వారం, శుక్రవారం

భానూ,

మొన్న ఆదివారం నేను లేచి నిజం చెప్పిన సంగతి చక్రి నీకు చెప్పే ఉంటాడు. అప్పుడు ఇశ్రాయేలు, "టీచరు గారూ, మొదట్లో నేను మా బావమరిది పేరు చెప్పానండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. నా జీవితంలో అంత మర్యాద నాకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత మార్త గారు, గెలిచిన ఆటలు ఒక వైపు, ఓడినవి ఒక వైపు గుర్తున్నంతవరకు రాయమన్నారు. గెలిచినవి తేదీలతో సహా రాశాను. ఓడినవి నాలుగే గుర్తొచ్చాయి. ఆవిడ నా బ్యాంకు కాగితాలు తీస్తే అవి నాలుగు వందల పైచిలుకు. అలా లెక్క చేసిన పిల్లని నేనైతే బెంచీ ఎక్కించేదాన్ని. ఆవిడ మాత్రం, ఈ ఆట అందరి బుర్రనీ ఇలాగే మోసం చేస్తుందని ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

బుధవారం నువ్వు ఫోన్ చేసి, సోమవారం నుంచి సాయిని మీరే తీసుకురండి అన్నావు. ఆ సంతోషం పట్టలేక మరదలి చేత పులిహోర చేయించాను. నిన్న మధ్యాహ్నం మరదలు పెళ్ళికి వెళ్తూ ఫోను మరిచిపోయింది. నలభై నిమిషాలు ఆడాను భానూ. డబ్బు పెట్టే ఆట కాదు, ఉత్తుత్తి ఆట. కానీ ఉత్తుత్తిదే కదా అనుకోవడంతోనే మొదటిసారి కూడా మొదలైంది. ఆ యాప్ తీసేసి ఫోను ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ తెలియదు. మార్త గారికి ఇందాకే చెప్పాను, నీకు ఇప్పుడు చెబుతున్నాను. సోమవారం నన్ను పంపకు. నేను ఎన్నాళ్ళైనా ఆగుతాను, పిల్ల మాత్రం మళ్ళీ అలా కూర్చోకూడదు.

మీ అత్తయ్య,
సుబ్బరత్నం

విజయవాడ,
శనివారం

అత్తయ్య గారికి,

మీ తమ్ముడు గారు తెచ్చిచ్చిన ఉత్తరం పొద్దున్నే చదివాను. మీరు నా ఓర్పు అంటూ రాశారు. అది ఓర్పు కాదండీ.

మా నాన్న గన్నవరంలో పేకాడేవారు. సంబంధం చూసినప్పుడు మావాళ్ళు మీకు చెప్పలేదు. రోజుల తరబడి ఇంటికి రాకపోతే అమ్మ క్యాంపుకి వెళ్ళారనేది. ఆడారా అని నేనడిగితే నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసేవారు. పోయేదాకా ఒక్కసారి కూడా ఆడానని ఒప్పుకోలేదు. అందుకే ఆ రోజు మిమ్మల్ని ఏమీ అడగలేదు. అడిగితే మీరూ ఒట్టేస్తారని భయమేసింది. మీటింగులో మీరు చక్రి మీద పెట్టినప్పుడు నాకు కోపం కూడా రాలేదు, ఇక ఇంతేలే అనుకున్నాను. మూడు వారాలు ఎలాగో కూర్చున్నాను. ఆ తర్వాత ఆదివారం ఆఫీసు పని ఉందన్నది అబద్ధం.

మీరు నిజం చెప్పారని చక్రి చెప్పినప్పుడు సగమే నమ్మాను. సాయిని తీసుకురండి అన్నాను గానీ, సోమవారానికి సెలవు పెట్టాను. బడి ఎదురుగా మందుల షాపులో నిలబడి, మీకు కనపడకుండా చూద్దామనుకున్నాను. క్షమించండి.

గురువారం సంగతి మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మా నాన్న నోటి నుంచి ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట మీరు రాసి పంపారు. ఉత్తరం పట్టుకుని వంటింట్లో చాలాసేపు ఏడ్చాను. మార్త గారితో మాట్లాడాను. పొరపాటు చేసిన మర్నాడే చెప్పుకోగలగడం చాలా పెద్ద విషయమన్నారు. మీ గొప్పతనం మీకు తెలియడం లేదు అత్తయ్య గారూ.

నా సెలవు రద్దు చేసుకున్నాను. సోమవారం గేటు దగ్గర నానమ్మ ఉంటుందని సాయికి చెప్పేశాను.

మీ కోడలు,
భాను