గంట స్ప్రింగూ, ముప్పై నాలుగు విండోలూ

సోమవారం, ఉదయం 9

నేను చదివింది మూడో తరగతి. గడియారాల రిపేరులో మాత్రం యాభై ఒక్కేళ్లు. రిపేరు పుస్తకం వెనక మిగిలిన కాగితాల్లో ఇవాళ్టి నుంచి డైరీ రాస్తాను. కారణం, పందెం.

కోడలు తన పాత కంప్యూటరు తెచ్చి నా రిపేరు బల్ల మీద పెట్టింది. ఇంటర్నెట్టు తెరిచింది. పైన చీటీల్లా వరసగా పుట్టుకొచ్చేవి ట్యాబులట. ఒకే విండోలో ఎన్నయినా పెట్టుకోవచ్చట.

"పది గడియారాలు విప్పి మరలన్నీ ఒకే సాసర్లో పోస్తామా అమ్మాయ్?"

"ల్యాబులో నేను రోజూ ఇరవై ట్యాబులు తెరుస్తాను మామయ్యగారూ." రక్తపరీక్షల రిపోర్టులు టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం.

"అయితే ఎవరి షుగరు ఎవరి నెత్తిన రుద్దుతున్నావో!"

మూతి ముడిచింది. అక్కడికక్కడే పంతం పట్టాను. పది రోజులు. ఒక పనికి ఒక విండో. ఒక్క ట్యాబు తెరిచినా నా భూతద్దం ఆమెకిచ్చేస్తా. కంటికి పెట్టుకుని పని చేసే ఆ అద్దం నా మూడో కన్ను.

11 గంటలు. అక్క ఫోను. ఆమెకి ఎనభై ఒకటి, గొంతుకి ఇరవై.

"ఒరేయ్, గడియారం నీ దగ్గర పడేసి నెలన్నర. వచ్చే బుధవారం దాకా చూస్తా. గంట మోగకపోతే మీ ఎదురు కొట్టు బ్యాటరీల వాడికిచ్చేస్తా."

అది నాన్న గోడ గడియారం. ఎనిమిదేళ్లప్పుడు దాన్ని విప్పి, మళ్లీ కట్టలేక, వీపు విమానం మోత మోగించుకుని ఈ పనిలో పడ్డాను. ఇప్పుడు గంట కొట్టే స్ప్రింగు విరిగింది. బ్యాటరీల వాడు దాని పేగులు పీకి ప్లాస్టిక్ డబ్బా పెడతాడు. నా కంఠంలో ప్రాణముండగా?

కంప్యూటర్లో ఆ స్ప్రింగు వెతకాలి.

మంగళవారం

విండోలు: 7. స్ప్రింగుకి నాలుగు, వానకి ఒకటి, మోకాలి నొప్పికి రెండు.

దివ్యంగా ఉంది! రెండు దుకాణాల స్ప్రింగుల్ని పక్కపక్కన పెట్టి చూశాను. ట్యాబుల్లో అయితే ఒకటి కనిపిస్తే రెండోది దాక్కుంటుంది. కోడలికి చూపించాను.

"ఇది మాత్రం బాగుందండీ" అంది. నేను వినపడనట్టు నటించి మళ్లీ చెప్పించుకున్నాను.

బుధవారం

విండోలు: 19. కంప్యూటరు కాస్త మూలుగుతోంది.

"అక్కర్లేనివి మూసెయ్యండి."

మనిషొచ్చి గడియారం పట్టుకెళ్లేదాకా నేను సాసరు తియ్యను. మోకాలి నొప్పి తగ్గాక ఆ విండో మూస్తాను.

గురువారం

10:20. దొరికింది! కొలత వెంట్రుకవాసి తేడా లేదు. "ఒక్కటే ఉంది" అని ఎర్రక్షరాలు. సరుకు అందాకే డబ్బు. పేరూ అడ్రసూ ఒంటివేలితో కొట్టడానికి నలభై నిమిషాలు.

11:00. బటను నొక్కాను. చక్రం తిరుగుతోంది.

11:25. ఇంకా తిరుగుతోంది. ఏ మరో పట్టేసినట్టుంది. మొహం కడుక్కొచ్చాను.

11:50. ఆ విండో ఏది? ముప్పై నాలుగున్నాయి. అన్నిటిదీ ఒకటే మొహం.

12:15. కొత్త విండోలో అదే దుకాణం తెరిచాను. "సరుకు అయిపోయింది."

ఎవడో కొట్టేశాడు! వాడి ఇంట్లో గడియారాలన్నీ ఆగిపోవాలి!

శుక్రవారం

రోజంతా వాణ్ణి తిట్టాను. కొత్త తిట్లు మూడు కనిపెట్టాను.

బ్యాటరీల వాడు రోడ్డు దాటి వచ్చాడు. "అయిదు నిమిషాల పని బాబాయ్. ఇలా ఇచ్చెయ్."

"నీ మొహానికి అయిదు నిమిషాలెందుకురా? అరనిమిషం చాలు, దేన్నయినా చంపడానికి."

అక్కకి ఫోను చేసి గడువు పెంచమన్నాను.

"చిన్నప్పటి నుంచీ అంతేరా నువ్వు. విప్పడం వచ్చు, కట్టడం రాదు."

అన్నం సయించలేదు.

శనివారం

3:00. వేలు జారింది. ట్యాబు తెరుచుకుంది. ఎవరూ చూడలేదు. వచ్చినదాన్ని వెళ్లగొట్టడం మర్యాద కాదు.

4:00. ఆరు. ఇవి ట్యాబులని ఎవరన్నారు? ఒకే గడియారం కోసం తెరిచినవి. ఒకే గడియారం మరలు ఒకే సాసర్లో ఉండొచ్చు.

6:00. కోడలొచ్చింది. తుడిచే గుడ్డ తెర మీద కప్పేశాను.

"ఏంటండీ?"

"దుమ్ము."

ఆదివారం

ట్యాబులు: 41. స్ప్రింగు ఎక్కడా లేదు. పైన పేర్లు చీమ తలకాయలంత అయిపోయాయి. భూతద్దం కంటికి పెట్టుకుని, తెరకి ముక్కు ఆనించి చదువుతున్నాను.

వెనక దగ్గు. కోడలు. చెయ్యి చాపింది.

ఇచ్చేశాను.

సోమవారం

కొట్టు మూగబోయింది. చేతి గడియారం ఆగింది. గోడ మీద నాలుగూ ఆగాయి. కంప్యూటరు ముందు కూర్చుని దేనికీ కీ ఇవ్వలేదు. యాభై ఒక్కేళ్లలో ఇదే మొదటిసారి.

నాన్న గడియారం వెనక పలక తీసి చూశాను. ఎనిమిదేళ్లప్పుడు నేను గీరిన గీత అలాగే ఉంది. మళ్లీ మూసి, బ్యాటరీల వాడికోసం గుడ్డలో చుట్టిపెట్టాను.

మంగళవారం

10:00. పార్సిళ్లు తెచ్చే ఆవిడ వచ్చింది. "సంతకం పెట్టండి, డబ్బివ్వండి."

స్ప్రింగు! పైన నా పేరు, నేను కొట్టిన తప్పులతో సహా!

కోడలు విండోలన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది. ఇరవై ఆరోది: "మీ ఆర్డరు అందింది. గురువారం, 11:32."

చివరిది కొట్టేసిన వాణ్ణి నేనే. గడియారాలన్నీ ఆగిపోవాలని తిట్టిన ఇల్లు ఇదే. ఆ తిట్టుకి అడ్రసు కూడా నేనే ఇచ్చాను, నలభై నిమిషాలు కష్టపడి.

10:30. భూతద్దం లేకుండా స్ప్రింగు ఎక్కించలేను.

"అమ్మాయ్, ఆ అద్దం ఓసారి ఇలా ఇవ్వు."

"ట్యాబులు మంచివని చెప్పండి, ఇస్తాను."

"...మంచివే."

"వినపడలేదండీ."

"మంచివే అన్నాగా! చెవుడా?"

నవ్వుతూ ఇచ్చింది. పని అయ్యాక నా అంతట నేనే తిరిగిచ్చేశాను.

బుధవారం

గడియారం అక్క గోడకెక్కింది. పన్నెండు కొట్టింది. అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"పదమూడేంట్రా?"

"నీ లెక్క తప్పు."

"అయితే ఒంటిగంట దాకా కూర్చో."

కూర్చున్నాను. ఒంటిగంట అయింది. ఒక్కటే కొట్టింది.

అక్క గడియారం వైపు చూడలేదు. నావైపు చూసింది. "కట్టడం కూడా వచ్చిందన్నమాట."

గురువారం, ఉదయం 9

ఇవాళ్టి నుంచి కొత్త పది రోజులు. ఒక పనికి ఒక విండో. ట్యాబు ముట్టను. పని అవగానే విండో మూసేస్తాను. ఓడితే నా సన్న పట్టకారు కోడలిది. గెలిస్తే భూతద్దం నాది.

9:10. అన్ని గడియారాలకీ కీ ఇచ్చాను.

9:40. ఒక్క విండో తెరిచాను. మోకాలి నొప్పికి.

11:00. ఇంకా తగ్గలేదు.