చప్పుడు లేని బస్సు

దావీదన్నా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి నేటికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో దగ్గుతూ, పొగలేని బస్సు కోసం ప్రార్థించేవాడివి. వచ్చింది. కరెంటు బస్సు. పొగ లేదు, మోత కూడా లేదు. చూపు మందగించిన ముసలివాళ్లు మోతను బట్టే బస్సును గుర్తుపడతారని ఈ నగరంలో ఎవరికీ తట్టలేదు.

ఇవాళ మరియమ్మ వదినకు కంటి ఆపరేషన్. బస్సు వచ్చి, ఆగి, మాకు తెలిసేలోపే కదిలింది. సిగ్నల్ దగ్గర అందుకుని, బైబిలెత్తి గర్జించాను.

"నెరిసిన తలకు లేచి నిలబడమన్నాడురా దేవుడు! నువ్వు తలుపైనా తెరవ్వా?"

"సిగ్నల్ కాడ తెరవొద్దు తాతా. స్టాపుల ఆపిన గదా, కనబడలే?" అన్నాడు డ్రైవరు.

"కనబడితే కండ్ల దవాఖానకు ఎందుకు పోతం బిడ్డా?" అంది వదిన.

బస్సు వెళ్లిపోయింది. ఇంకోదాని కోసం నిలబడదామన్నాను.

"అదొచ్చినట్టు ఎట్ల తెలుస్తది తమ్మీ? ఆపరేషనొద్దు, ఏమొద్దు. గీ పట్నంల చూపొచ్చి నేనేం జూస్త? ఇంటికి పోదాం."

అన్నా, ఎల్బీనగర్ దాకా వీధివీధినా నిరీక్షణ గురించి, ఆశ వదులుకోవద్దని కేకలేసి బోధించేవాణ్ణి. ఇవాళ మాత్రం నీ భార్య చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

నీ తమ్ముడు