పది నిమిషాలు కూచో

మంగళవారం, ధర్మపురి

హోసూరు ఫ్యాక్టరీ ఫస్ట్‌ఎయిడ్ గదిలో మూడేళ్లు నాది ఒకటే పని: మాత్ర ఇచ్చి, పది నిమిషాలు కూచోబెట్టి, మనిషిని మళ్లీ మిషను దగ్గరికి పంపడం. ఆ విసుగుతోనే ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేరాను.

ఈ రోజు వార్డులో బొమ్మిడి ఊరి నుంచి వచ్చిన అవ్వ రొమ్ము పట్టుకుని, "ఎదలో ఏమో పిసికినట్లుంది పాపా" అంది. నా నోటికి ఫ్యాక్టరీ మాటే వచ్చింది. "పది నిమిషాలు కూచో అవ్వా, సరిపోతుంది."

ఆమె నమ్మి కూచుంది.

అటుగా వచ్చిన హెడ్ సిస్టర్ అది గుండెపోటని ఒక్క చూపులో కనిపెట్టి ఐసీయూకి పంపింది. "ఏమ్మా, అవ్వను షిఫ్టుకు పంపుదామనుకున్నావా?" అని నన్ను అడిగింది. స్ట్రెచర్ మీద అవ్వ, "నువ్వు చెప్పినట్లే కూచుంటిని కదా పాపా" అంది.

ఐసీయూ నుంచి ఇంకా కబురు లేదు. పొద్దున్నే మళ్లీ డ్యూటీ. ఆ ఫ్యాక్టరీ మాట ఇంకా నా నోట్లోనే ఉంది.